పద్నాలుగు రాలేదు

సారక్క పెనిమిటి పేరు కొమురెల్లి. ఆ పేరు సారక్క నోట ఊళ్లో ఎవరూ వినలేదు. పేరు పలికితే మగనికి కీడని ఇప్పలగూడెం ఆడవాళ్లంతా నమ్మేవాళ్లు. పెళ్లినాడు గడప దగ్గర పేరు చెప్పమని వదినెలు అడ్డం నిలబడితే దగ్గి, తుమ్మి, తల వంచుకుని తప్పించుకున్నవాళ్లే అందరూ. ఊరి పక్కన బొగ్గుబాయి పడ్డాక వాళ్లకొక ఉపాయం దొరికింది. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే బత్తి ఇస్తారు. ప్రతి బత్తికీ ఒక నంబరు. ఇక మగళ్లను ఆ నంబర్లతోనే చెప్పుకోవడం మొదలుపెట్టారు. "మా ఇరవైకి జరమొచ్చింది." "మీ ఏడు కల్లు మండువ కాడ కూసున్నడు, తోలుకపో." బోరింగు దగ్గర మాటలన్నీ ఇట్లాగే సాగేవి. నంబరు పలికితే కీడేమీ లేదని వాళ్ల ధీమా.

కొమురెల్లిది పద్నాలుగు. బాయి మొదలైన నెలలోనే చేరాడు కాబట్టి చిన్న నంబరు దక్కింది.

ఆ నంబర్లకు ఇంకో పని కూడా ఉంది. షిఫ్టు దిగాక ఎవరి బత్తి వాళ్లు లాంపురూములో అప్పగించి పోవాలి. అక్కడ గోడకు వరసగా కొక్కేలు, ప్రతి కొక్కెం మీదా ఒక నంబరు. కొక్కేనికి బత్తి వేలాడుతుంటే మనిషి పైకి వచ్చినట్టు, ఖాళీగా ఉంటే ఇంకా లోపలే ఉన్నట్టు. అందుకే బాయిలో ఏదో అయిందని తెలిసి పరుగెత్తుకు పోయిన ఆడవాళ్లు ఎవరికేమైందని అడగరు. "ఏ నంబరు రాలే?" అని అడుగుతారు.

అట్లాంటి ఊరికి టీవీ వచ్చింది.

డెబ్బై అయిదో సంవత్సరం, వానలు వెనకపట్టే రోజులు. పాలమూరు దిక్కు, మెదక్ దిక్కు పల్లెలకు సర్కారు డబ్బాలిస్తున్నదనీ, ఆకాశం మీది నుంచి వాటిలోకి పాఠాలు దిగుతున్నాయనీ విని, ఎవరు పైరవీ చేశారో గాని ఇప్పలగూడెం బడికి కూడా ఒకటి తెప్పించారు. బడి కప్పు మీద ఇనుప జాలీతో అల్లిన పెద్ద గొడుగును వెల్లకిలా పెట్టారు. పొద్దున పదింటికి టీచరమ్మ సుగుణమణి తాళం తీసి మీట తిప్పితే, డబ్బా పిల్లలకు అక్షరాలు, అంకెలు చెప్పేది. పిల్లలు లోపల చాపల మీద, ఆడవాళ్లు బయట కిటికీ చువ్వలు పట్టుకుని. మా పోరగాండ్లను చూసిపోదామని వచ్చినం అనేవాళ్లు గాని, పోరగాండ్లకన్నా ముందు వచ్చి జాగా పట్టుకునేది వాళ్లే. అట్లా నిలబడి నిలబడే సారక్క ముప్పై అయిదేళ్ల వయసులో ఇరవై దాకా అంకెలు గుర్తుపట్టడం నేర్చింది.

ప్రతి మంగళవారం ఒక బొమ్మలాట వచ్చేది. కాళ్లూ చేతులూ ఉన్న అంకెలు ఒకటి నుంచి ఇరవై దాకా వరస కట్టి, పాట పాడుకుంటూ ఒక గుహలోకి పోతాయి. డబ్బాలో రంగులు లేవు. అంకెలు తెల్లగా, గుహ నల్లగా. కాసేపటికి ఒకటి వెంట ఒకటి బయటికి వస్తాయి. ఒక్కటి మాత్రం రాదు. అప్పుడు గుహ ముందర కూర్చున్న కళ్లద్దాల ఉడుత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "పిల్లలూ, లోపల ఎవరు ఉండిపోయారు? ఏ అంకె రాలేదు?" అని అడుగుతుంది.

ఏ పట్నంలోనో కూర్చుని పిల్లలకు లెక్క హుషారుగా రావాలని చేసిన ఆట అది. వేరే ఊళ్లలో పిల్లలు చప్పట్లు కొట్టి ఉంటారు. ఇప్పలగూడెంలో ఉడుత ఆ మాట అడిగిన మొదటి వారం, కిటికీ దగ్గర గుసగుసలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఆ వారం నాలుగు రాలేదు. నాలుగు ముసలి బుచ్చన్న నంబరు. ఆయన పని మానుకుని రెండేళ్లయింది. ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. రెండో వారం తొమ్మిది రాలేదు. మరునాడే బాయిలో పైనుంచి బండ జారి ఎల్లేశం కాలి మీద పడింది. ఎల్లేశం బత్తి నంబరు తొమ్మిది. దవాఖానలో కాలు మోకాలి దాకా తీసేశారు.

"మరి బుచ్చన్న కాకకేం కాలేదు గద," అని బోరింగు దగ్గర ఎవరో ధైర్యం చెప్పబోయారు.

"కాకపాయెనా? ఆ వారమే ఆయన బర్రె సచ్చిపాయె," అంది సమ్మవ్వ. ఊళ్లో చావులన్నీ తేదీలతో సహా ఆ ముసలమ్మకే గుర్తు. "మనిషి బాయిల దొరకకపోతే బర్రెను పట్టింది."

వేరే రోజైతే ఆ మాటకు బోరింగు దగ్గర నవ్వులు రేగేవి. ఆ పొద్దు ఎవరి బిందె వాళ్లు ఎత్తుకుని ఇంటి దారి పట్టారు.

మూడో మంగళవారం సారక్క పోవద్దనుకుంది. పదింటికి కాళ్లే ఆమెను తీసుకుపోయి కిటికీ దగ్గర నిలబెట్టాయి. అంకెలు గుహలోకి పోయాయి. ఆమె చువ్వను పట్టుకుంది. బయటికి వస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగు ఈసారి వచ్చింది. తొమ్మిది కూడా వచ్చింది, రెండు కాళ్లతో. పదకొండు, పన్నెండు, పదమూడు. తర్వాత పదిహేను గంతేసుకుంటూ వచ్చింది. కన్ను చెదిరిందేమో అనుకుంది సారక్క. పదహారు, పదిహేడు, అట్లా ఇరవై దాకా వచ్చి వరస ఆగింది.

"ఏ అంకె రాలేదు?" అని ఉడుత అడిగింది.

"పద్నాలుగు రాలే! పద్నాలుగు రాలే!" అని లోపల యాభై మంది పిల్లలు అరిచారు. వాళ్లలో సారక్క బిడ్డ గొంతు కూడా ఉంది.

పక్కనున్న ఆడవాళ్లు సారక్క ముఖం చూశారు, వెంటనే చూపు తిప్పుకున్నారు. ఒకామె కొంగు సర్దుకుంటున్నట్టు చేసి మెల్లగా పక్కకు జరిగింది.

పొద్దుగూకే వేళ కొమురెల్లి స్నానం చేసి గడపలో కూర్చున్నాక సారక్క చెప్పింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఉడుత చెప్పిందా? మా షిఫ్టు సర్దారు గూడ గంత సక్కగ లెక్క చెప్పడు. ఆయన్ను తీసేసి దాన్ని పెట్టుకుంటే అయిపాయె."

"ఎల్లేశం గూడ నవ్విండు. రేపొక్కనాడు ఆగరాదా?"

"ఆగితే గేటు కాడ ఏమని చెప్పాలె? ఉడుత పోవద్దన్నదని చెప్పాల్నా?"

ఈ మనిషితో మాటలతో గెలిచిన రోజు పన్నెండేళ్ల కాపురంలో ఒక్కటీ లేదు. గెలిచిన రోజులున్నాయి గాని, వాటి దారి వేరు. చూరులో పాత గుడ్డలో కట్టి పెట్టిన సునాముఖి ఆకు తీసి, మెత్తగా నూరి, చింతపులుసులో కలిపింది. పిల్లలకు వేరే వండింది. కొమురెల్లి పులుసు ఇవ్వాళ బాగా కుదిరిందని ఇంకో గరిటె పోయించుకున్నాడు.

తెల్లారి షిఫ్టు ఏడింటికి. అయిదు గంటల నుంచే కొమురెల్లి చెంబు పట్టుకుని తుమ్మచెట్ల వెనక్కి నాలుగు మార్లు తిరిగాడు. అయిదోసారి వచ్చి గోడకానుకుని కూలబడ్డాడు.

"ఏం పెట్టినవే నాకు?"

"నేనేం పెడుత? మొన్నటి కల్లు పులిసినట్టున్నది."

అదే సమయానికి పక్కింటి యిర్మియా భుజాన తువ్వాల వేసుకుని వచ్చాడు. బదిలీ మనిషి. సొంత నంబరు లేదు. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, ఆ రోజు రానివాడి జాగాలో పిలిస్తే లోపలికి పోతాడు, పిలవకపోతే తిరిగి ఇంటికి వస్తాడు.

"బావా, లేస్తలేవా? టైమైతున్నది."

"కాళ్ల మీద నిలబడలేకున్న తమ్మీ. నేను రానని గేటు కాడ చెప్పు."

యిర్మియా పోయాడు. సారక్క పొయ్యి ముందర కూర్చుని, కడుపు పట్టుకున్న మగణ్ణి చూసింది. ఎదురుగా ఉన్నాడు. ఇంటి కప్పు కింద ఉన్నాడు. ఈ కప్పు తాటాకుది, పడినా చావడు.

ఎనిమిదింటికి బోరింగు దగ్గరికి పోతే యిర్మియా పెండ్లాం యేసమ్మ ఎదురొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వు ముఖంతో ఉంది.

"అక్కా, బావకు కడుపు పోతున్నదట గద పాపం. అనొద్దు గని, మాకు పని దొరికింది. అయిదు దినాల సంది ఉత్తగనే గేటు కాడికి పోయి వస్తుండె."

"ఎవరి జాగల పోయిండు?"

"ఎవరి జాగల ఏంది, మీ జాగలనే. ఎవరి జాగల పోతే వాళ్ల బత్తే ఇస్తరు. మీ పద్నాలుగు బత్తి పెట్టుకొని దిగిండని, గేటు కాడికెల్లి వచ్చినోళ్లు చెప్పిండ్రు."

సారక్క చేతిలోని బిందె జారలేదు. ఆమె దాన్ని మెల్లగా కింద పెట్టింది. మగణ్ణి ఆపితే ఆ జాగా ఆ రోజుకు ఖాళీగా ఉంటుందనుకుంది గాని, అక్కడికి ఇంకొకరిని పంపుతారన్న సంగతి ఆమెకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా అని తననే అడుక్కుంది. జవాబు తెలుసుకోబుద్ధి కాలేదు.

బిందె అక్కడే వదిలి బడికి పోయింది. సుగుణమణి అప్పుడే గది ఊడుస్తున్నది. మంచిర్యాలలో చదువుకున్న మనిషి, ఎవరినీ కసురుకోదు.

"టీచరమ్మా, ఆ గుహ ఆట ఎవరు ఆడిస్తరు?"

"ఎవరో కళాకారులు. ఎప్పుడో ఆరు నెలల కింద ఆడించి పట్టి పెట్టారు. ఇప్పుడు పంపుతున్నారు."

"ఆరు నెలల కిందనే పద్నాలుగు రాదని తెలుసా వాళ్లకు?"

"తెలియకేం. వాళ్లే కదా రాసుకుంది." సుగుణమణి చీపురు పక్కన పెట్టి పలక తీసి అంకెలు వేసింది. "ఇటు చూడు సారక్కా. మొదటి వారం నాలుగు. దానికి అయిదు కలిపితే తొమ్మిది. తొమ్మిదికి అయిదు కలిపితే పద్నాలుగు. కూడిక నేర్పించే ఉపాయమిది. ఇందులో భయపడేదేమీ లేదు."

"అయితే వచ్చే వారం?"

"పంతొమ్మిది," అంది సుగుణమణి, శిష్యురాలికి లెక్క అందిందన్న సంతోషంతో.

సారక్క పలక మీద నాలుగు అంకెలూ చూసింది. ఇప్పటిదాకా ఎక్కడో ఒక మూల, ఎల్లేశం సంగతి ఏదో అట్లా కలిసొచ్చిందేమోనన్న ఆశ ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. ఒకరి తర్వాత ఒకరిని, లెక్క ప్రకారం, ఆరు నెలల ముందే రాసి పెట్టుకున్నారు.

"ఆ ఆట వందల ఊళ్లలో చూస్తున్నారు," అంది సుగుణమణి, ఆమె ముఖం చూసి. "అన్ని ఊళ్లలో పద్నాలుగో వాడు చచ్చిపోతున్నాడా?"

"ఆ ఊళ్లల్ల బాయిలు లెవ్వు గద టీచరమ్మా."

సుగుణమణి పలక తుడవబోయి, ఎందుకో తుడవకుండా బోర్లా పెట్టింది.

ఆ పూట సారక్క పొయ్యి వెలిగించలేదు. బాయి దగ్గరికి పోయి యిర్మియాను పైకి పిలవమందామా అనుకుంది. ఏమని చెప్పాలి? సునాముఖి సంగతి చెప్పాలా, ఉడుత సంగతి చెప్పాలా? ఇంట్లో కొమురెల్లి గంజి తాగి పడుకుని గురక పెడుతున్నాడు. ఆ గురక వింటుంటే ఆమెకు ప్రాణం కుదుటపడాలి. వినలేక బయటికి వచ్చి కూర్చుంది.

రెండున్నరకే బాయి గేటు దగ్గర ఉంది. గేటు పక్క కంచె నుంచి చూస్తే లాంపురూము కిటికీ కనిపిస్తుంది, కిటికీలోంచి కొక్కేల వరస. మూడింటికి సైరను మోగింది. మనుషులు గుంపులుగా పైకి రావడం మొదలుపెట్టారు. మొహాలన్నీ ఒకే నలుపు. ఎవరు ఎవరో పోల్చుకోలేక ఆమె కొక్కేలనే చూస్తూ నిలబడింది.

"నువ్వేందక్కా, ఇక్కడ?"

యేసమ్మ. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. "మా ఆయన రాంగనే అటే అంగడికి పోదామనుకున్నం," అని కంచె పట్టుకుని తొంగి చూసింది. "నీకు అంకెలొస్తయట గదక్కా. మా ఆయన బత్తి వచ్చిందో చూడు జర."

సారక్క చూసింది. పదకొండు. పన్నెండు. పదమూడు. ఖాళీ కొక్కెం. పదిహేను.

"ఇంకా రాలే," అంది.

ఇంకో గుంపు వచ్చింది. కొక్కేలు నిండుతున్నాయి. పదిహేడు వచ్చింది, ఇరవై వచ్చింది. "ఇప్పుడో?" అని యేసమ్మ అడిగింది. "రాలే." కాసేపటికి మళ్లీ, "ఇప్పుడు చూడక్కా." "రాలే." గుంపులు పలచబడ్డాయి. సైకిళ్లు పోయాయి. మూడున్నర దాటింది. ఆ వరసలో ఒక్క కొక్కెం తప్ప అన్నీ నిండాయి. యేసమ్మ అడగడం మానేసింది. అడగకపోయేసరికి సారక్కకు ఓపిక చచ్చిపోయింది.

"చెల్లే, మీ బావకు కల్లు పులిసి కడుపు పోలే. నేనే సునాముఖి పెట్టిన," అంది. గుహలో పద్నాలుగు రాకపోవడం, ఎల్లేశం తొమ్మిది, టీచరమ్మ చేసిన కూడిక, అన్నీ చెప్పింది. కొక్కేల దిక్కే చూస్తూ చెప్పింది, యేసమ్మ దిక్కు తిరగలేదు.

యేసమ్మ తిట్టలేదు. సారక్క ముంజేయి పట్టుకుంది. గాజులు చర్మంలోకి దిగేంత గట్టిగా పట్టుకుంది. అట్లాగే పట్టుకుని నిలబడింది. ఒక గాజు పగిలి ముక్క గుచ్చుకుంది. సారక్క చెయ్యి లాక్కోలేదు. ఆ నొప్పి కొంచెం నయమనిపించింది. యేసమ్మ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నదో, తనను శపిస్తున్నదో సారక్కకు తెలియలేదు.

నాలుగింటికి యిర్మియా పైకి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. బత్తి ఇచ్చి, సంతకం పెట్టి, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ గేటు బయటికి వచ్చాడు.

"బొగ్గు టబ్బు పట్టాలు తప్పింది. బదిలీవోనివి, నువ్వాగి ఎత్తిపెట్టి పో అన్నడు సర్దారు," అని, సారక్కను చూసి పళ్లన్నీ కనిపించేటట్టు నవ్వాడు. "బావకు నయమైందా అక్కా?"

యేసమ్మ చేయి వదిలి అక్కడే బొగ్గుపొడిలో కూర్చుండిపోయింది. ఉతికిన చీరంతా నల్లబడింది.

ఊరి దారిలో యిర్మియా ముందు నడుస్తున్నాడు. యేసమ్మ కావాలని వెనకబడింది. ఆమె ఏం తిట్టినా పడదామని సారక్క తయారుగా ఉంది.

"అక్కా," అంది యేసమ్మ చిన్నగా, "రేపు గూడ బావను ఆపరాదా?"

సారక్కకు అర్థం కాలేదు. "రేపు గూడ అదే బత్తి ఇస్తరే నీ మొగనికి. వారం ఇంకా అయిపోలే."

"ఇయ్యనీ."

"నేను చెప్పింది ఇన్నవా లేదా?"

"ఇన్న. ఇన్నప్పటి సంది గుండె జాగల లేదు. కని నీ ఉడుత నా పోరగాండ్లకు బువ్వ పెడుతదా? అయిదు దినాల సంది ఉత్త మక్క గట్కనే తాగుతున్నరు. బదిలీవోన్ని ఎవరన్న ఆగితెనే పిలుస్తరు." యేసమ్మ మొగని వీపు దిక్కు చూసింది. "ఆగుతడా చెప్పు. ఆగితే నేను పొద్దుగాలనే బువ్వ వండుత."

సారక్క లోలోపల లెక్క వేసుకుంది. ఆపితే యేసమ్మ మొగణ్ణి గుహలోకి తోసినట్టు. ఆపకపోతే తన మొగణ్ణి. పైగా ఆపకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ లెక్కకు టీచరమ్మ పలక చాలదు.

ఇంటికి పోయి కొమురెల్లికి అంతా చెప్పేసింది. ఈసారి ఆయన నవ్వలేదు. సునాముఖి మీద రెండు బూతులు తిట్టి ఊరుకున్నాడు. పొద్దున ఆరింటికి బూట్లు వేసుకుంటూ, తాడు ముడి మీదే చూపు పెట్టి, "నువ్వు చూసింది పద్నాలుగేనా? సరిగ్గ చూసినవా?" అని అడిగాడు.

"ఏమో. నాకు అంకెలు పూరా రావు," అంది సారక్క.

ఆయన తల ఊపి, గిన్నె తీసుకుని పోయాడు. ఆమె ఆపలేదు. యేసమ్మ వాళ్ల గడప దిక్కు చూడకుండా లోపలికి వచ్చి, పిల్లలకు అన్నం కలిపి పెట్టింది. ఎనిమిది దాటాక ఇంట్లో ఉండలేక బాయి దారి పట్టింది.

గేటు దగ్గర కాపలాదారు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడే వచ్చినవేంది? మూడింటికి గదా షిఫ్టు దిగేది."

"కూసుంట," అంది సారక్క.

కంచె పక్కన నీడలో కూర్చుంది. కాసేపటికి చిన్నపిల్లను చంకన వేసుకుని యేసమ్మ వచ్చింది. ఆమె పక్కన కూర్చుని పిల్లకు పాలిచ్చింది.

పిల్ల నిద్రపోయాక సారక్క అడిగింది. "యిర్మియాను పిలిచిండ్రా?"

"పిలిచిండ్రు. ఎవరో రాలేదట."

"ఏ నంబరు ఇచ్చిండ్రు?"

"తెల్వదు," అంది యేసమ్మ. "నాకు చెప్పొద్దని నేనే అన్న."

లాంపురూము కిటికీలో కొక్కేలు చాలామటుకు ఖాళీగా ఉన్నాయి. మూడింటికి ఇంకా ఆరు గంటలుంది. ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.